ఆరో ముద్ర

"ముందు ముద్ర! తర్వాతే టైరు!" అంటూ మెకానిక్ భార్య కార్డు కోసం చెయ్యి చాపింది.

"ముందు టైరమ్మా. ముద్ర ఎక్కడికీ పోదు," అంది లెక్కల టీచరు, సైకిలును షాపు గోడకు ఆనిస్తూ.

"ఎందుకు పోదూ? పోయినేడాది ఏడు నిమిషాలు ఆలస్యమైంది. అంతకు ముందేడాది ఇదిగో, ఈ బెంచీ మీద మీరు వాంతులు చేసుకుంటుంటేనే ఐదు కొట్టేసింది. ఇంకా భయం లేదా మీకు?"

వెయ్యి కిలోమీటర్ల కంకరదారి సైకిలు పందెంలో ఆ షాపు ఆరో మజిలీ. సాయంత్రం ఐదులోపు కార్డు మీద అక్కడి ముద్ర పడాలి. పడలేదా, ఇక ఇంటికే. ఇప్పుడు టైము పన్నెండూ నలభై. యాభై రెండేళ్ళ మనిషి, మూడు రోజులుగా తొక్కుతున్న మనిషి, ఇంత ముందుగా గుమ్మంలోకి రావడం ఇదే మొదటిసారి. మెకానిక్ సంతోషం అంతా ఇంతా కాదు.

వెనక చక్రం చూశాక మాత్రం ఆ సంతోషం ఆవిరైంది. టైరు పక్కభాగం జానెడు పొడవున చీలిపోయి ఉంది. లోపల ట్యూబు పీలికలు.

"దీని మీదా వచ్చారు?"

టీచరు అప్పటికే అరటిపండు నోట్లో కుక్కుకుంది.

మెకానిక్ వంగి రిమ్మును వేలితో చుట్టూ తడిమాడు. ఒక్క గీత లేదు! గాలి లేని చక్రంతో వీధి చివరిదాకా తొక్కితే చాలు, రిమ్ము సొట్టలు పడుతుంది. ముప్పై ఏళ్ళుగా అవే సొట్టలు తీస్తున్నాడు. ఈవిడ ఆ రాళ్ళ మీద ఎలా తొక్కిందో, ఒంటి బరువు ఎక్కడ దాచుకుందో అతని బుర్రకు అందలేదు.

"చూడవే, ఇలాంటి తొక్కుడు నా జన్మలో చూళ్ళేదు," అన్నాడు భార్యతో.

"దణ్ణాలు తర్వాత పెట్టుకుందురుగాని, కొత్త టైరూ ట్యూబూ తియ్యండి."

షాపులో వస్తువు తీసుకోవచ్చు. దాన్ని బిగించుకోవాల్సిందీ, దారంతా తొక్కాల్సిందీ మాత్రం పందెం మనిషే. అదీ నియమం. మెకానిక్ దురద పుడుతున్న చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. టీచరు చేతులకేసి చూశాడు. మూడు రోజులు హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని చిటికెన వేళ్ళూ ఉంగరపు వేళ్ళూ వంకరపోయి, స్పర్శే లేకుండా వేలాడుతున్నాయి. మిగిలిన వేళ్ళతో పాత టైరు పీకింది. కొత్త ట్యూబు మూత పళ్ళతో ఊడదీసింది. చక్రాన్ని మోకాళ్ళ మధ్య ఇరికించి, అరచేతుల అంచులతో టైరును నొక్కుకుంటూ వచ్చింది. చివరి బెత్తెడూ మొండికేసింది. ఊపిరి బిగబట్టి ఒక్క తోపు తోసింది. టైరు టక్కుమని కూర్చుంది. పంపుతో గాలి కొట్టింది.

"పదకొండు నిమిషాలు!" అన్నాడు మెకానిక్. "పది వేళ్ళూ పనిచేసే నాకే ఐదు పడుతుంది."

ఇక తిండి. ఉప్పు చల్లిన ఉడికించిన బంగాళాదుంప చిన్న ముక్క నోట్లో వేసుకోవడం, ఇరవై లెక్కపెట్టడం, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు ఒక గుక్క. మళ్ళీ ముక్క. మళ్ళీ ఇరవై.

"అదేం కొరుకుడండీ, కడుపునిండా తినండి," అంటూ మెకానిక్ భార్య పళ్ళెం నిండా బ్రెడ్డు తెచ్చింది.

"నిండా తింటే నిండా బయటికొస్తుందమ్మా. కావాలంటే మీ బెంచీని అడగండి."

అలా అంటూనే ఆరు దుంపలూ నాలుగు అరటిపళ్ళూ జేబుల్లో కూరుకుంది. మూడు సీసాలూ నింపుకుంది.

"తర్వాతి మజిలీ ముప్పై కిలోమీటర్లే కదా! ఇంత మూటెందుకు?"

"దారిలో ఉంటాయి."

తర్వాత నేల మీద వెల్లకిలా పడుకుని, రెండు కాళ్ళూ గోడకు నిలువుగా ఆనించింది.

"ఐదింటిదాకా టైముంది. హాయిగా రెండు గంటలు నిద్రపోండి," అన్నాడు మెకానిక్.

"పన్నెండు నిమిషాలు చాలయ్యా. అంతకు మించితే కాళ్ళు కొయ్యబారిపోతాయి."

కళ్ళు మూసిందో లేదో గురక మొదలైంది. పంక్చరని వచ్చినవాణ్ణి మెకానిక్ నోటిమీద వేలేసి వెనక్కి పంపేశాడు. ఆ పన్నెండు నిమిషాలూ మొగుడూ పెళ్ళాం ఊపిరి కూడా మెల్లగా పీల్చుకున్నారు. చేతి గడియారం గుర్రుమనగానే టీచరు లేచి కూర్చుంది. వచ్చినప్పటి మొహం కాదది. కళ్ళలో ఎర్రదనం తగ్గింది, వొంట్లో ఎక్కణ్ణించో జీవం వచ్చి చేరింది.

"మనిషేనంటావా?" అని గొణిగాడు మెకానిక్.

"నాకూ అదే అనుమానంగా ఉందండీ," అంది భార్య. వెంటనే ముద్ర చేత్తో పట్టుకుని ఎదురెళ్ళింది. "టైము ఒంటిగంటా ఇరవై. ఇప్పుడైనా కార్డివ్వండి తల్లీ!"

"ఐదుకి నిమిషం తక్కువలో వచ్చినా వేస్తారు కదా?"

"వేస్తాం. కానీ అప్పటిదాకా..."

"అయితే అక్కడే ఉండండి. ఎటూ వెళ్ళకండి."

టీచరు హెల్మెట్ బిగించుకుంది, సైకిలెక్కింది, గుమ్మం దాటి ఎడమకు తిరిగింది. పాపం, అలసటకి మతి పోయినట్టుంది! పందెం దారి కుడివైపు. మెకానిక్ చెప్పులు కూడా వేసుకోకుండా వెంటపడ్డాడు.

"టీచరమ్మా! అటు కాదు! మీరు వచ్చిన దారే అది!"

ఆమె తొక్కుతూనే తల తిప్పి గట్టిగా అరిచింది.

"రాలేదయ్యా! ఇరవయ్యారు కిలోమీటర్ల వెనక టైరు చీలితే పాలవ్యానెక్కి మీ షాపుకొచ్చాను. తొక్కుకుంటూ నేనింకా ఇక్కడికి రాలేదు!"