ఇటుకల మీద ఇటుకలు

"నీ చేతులు పడిపోను! మా తోవ మూసేది గాక, దాని మీద బొమ్మలు గూడ గీస్తున్నవా?"

రాములమ్మ అరుపుకి, నిచ్చెన మీదున్న స్వర్ణ తల కూడా తిప్పలేదు.

క్యాంపస్ ప్రహరీకి అటు పక్క బస్తీ. గోడలో మనిషి పట్టేంత సందు. అందులోంచి దూరి క్యాంపస్ గుండా నడిస్తే తార్నాక ఎంతో దూరం కాదు. అక్కడ ఇళ్లలో వంట చేస్తుంది రాములమ్మ. సందు లేకపోతే మెయిన్ రోడ్డంతా చుట్టి రావాలి. ఆలస్యమైతే వేరే మనిషిని చూసుకుంటామని ఇళ్లవాళ్లు ముందే చెప్పేశారు.

ఎస్టేట్ ఆఫీసర్ వెంకటసుబ్బారావుకి ఆ సందు కంట్లో నలుసు. పెద్ద పెద్ద గోడల మీద బొమ్మలు గీయడంలో పేరున్న స్వర్ణను పిలిపించాడు.

"గోడ మీకిస్తానమ్మా. ముందు మీ మనుషులతో ఆ సందు మూయించండి."

స్వర్ణ ఒప్పుకుంది. పరదా వెనక రెండ్రోజులు సుత్తి చప్పుడు. ఆ తర్వాత గోడ పొడుగునా ఎర్రటి ఇటుకలు గీసింది. ప్రతి ఇటుకకీ నీడ, పెచ్చు, సిమెంటు గీత. ఒకచోట చిన్న చీమలబారు కూడా!

రాములమ్మ చుట్టూ తిరిగొచ్చి మరీ తిట్టేది. సుబ్బారావు సారు కనబడితే గొంతు ఇంకా లేచేది.

"ఇటుకల మీద ఇటుకలేందే తల్లీ! ఉన్న గోడ సాలుతలేదా?"

"నా పనికి అడ్డం రాకు. పో!" కసిరేది స్వర్ణ.

"పోతా. నీ బొమ్మ మీద ఉమ్మేసి పోతా!"

"వాచ్‌మన్! ఈవిణ్ణి బయటికి పంపు," అరిచేవాడు సుబ్బారావు.

చివరి రోజు ఆయన గోడ ముందు మురిసిపోయాడు.

"అసలు సందెక్కడుండేదో నాకే తెలీడం లేదమ్మా!" అంటూ చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి సార్!" స్వర్ణ గొంతు పెంచింది. "పచ్చి రంగు. ఎవర్నీ దగ్గరికి రానివ్వనంటేనే కింద నా పేరు రాస్తాను."

ఆయనే నిలబడి తాడు కట్టించాడు. 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టించాడు. అక్కడే నిలబడ్డ రాములమ్మ వైపు తిరిగి నవ్వాడు.

"ఇప్పుడెలా వస్తావో చూస్తా."

మర్నాడు పొద్దున్నే చీమలబారు పక్కన ఇటుకలు తలుపులా తెరుచుకోగా, రాములమ్మ తల వంచి ఇవతలికొచ్చి, వాటిని మళ్లీ జాగ్రత్తగా మూసి, తార్నాక దారి పట్టింది.