హిందూపురం పడవ

“ఏయ్, ఎవరమ్మా అది? పడవ కింద ఏం చేస్తాండావు?”

సరస్వతమ్మ టీ గ్లాసు బల్ల మీద పెట్టి గబుక్కున లేచింది.

పెనుకొండ దగ్గర రోడ్డు పక్కన టీ అంగడి. ముందు ఆగిన బొలెరో వెనక ఒక ట్రాలీ, దాని మీద తెల్లటి తెరచాప పడవ. ఎవరో ముసలామె వంగి, ఆ పడవ అడుగును అరచేత్తో తడుముతోంది.

“ఏం లేదమ్మా, చూస్తాండా. దీన్ని యాడ నీళ్లలో దించుతారు?”

“నీకెందుకు?”

“ఊరికే అడిగినా.”

“ధర్మవరం చెరువులో. ఈ పొద్దే,” అన్నాడు సరస్వతమ్మ భర్త తిమ్మరాజు నవ్వుతూ.

ముసలామె తల ఊపింది. కొంగు తల మీదికి లాక్కుని బస్‌స్టాపు వైపు వెళ్లిపోయింది.

“ఎవరడిగితే వాళ్లకు చెప్పేస్తావు! బోల్టు ఏదన్నా పీక్కొని పోయిందేమో చూడు,” అని విసుక్కుంది సరస్వతమ్మ.

తిమ్మరాజు రైలు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఒకరోజు ఫోన్లో ఆస్ట్రేలియా వీడియో ఒకటి భార్యకు చూపించాడు. ఉద్యోగాలు అయిపోయిన ఒక జంట చిన్న తెరచాప పడవను కారు వెనక కట్టుకుని దేశమంతా తిరుగుతోంది. రోడ్డు మీద ఉన్నంతసేపూ పడవే ఇల్లు. వంటా అందులోనే, పడకా అందులోనే. నీళ్లు కనపడితే దించుకుని షికారు.

చూపించినాయన ముచ్చటపడి ఊరుకున్నాడు. ఊరుకోనిది సరస్వతమ్మే.

ఆయన రైళ్లలో ఊళ్లన్నీ తిరిగి వస్తుంటే, ఆమె ధర్మవరం రైల్వే క్వార్టర్సులో క్యారియర్లు కట్టి పంపుతూ ఉండిపోయిన మనిషి.

“మనమూ పోదాం,” అంది.

ఈ మోకాళ్లతోనా అన్నారు చుట్టాలు. పిచ్చి పట్టిందన్నారు. ఆమె చెవిన వేసుకోలేదు. హిందూపురంలో ప్రసాద్ అనే ఆయన షెడ్డులో అలాంటి పడవ ఉందని ఎవరో చెబితే, వెళ్లి చూసి పట్టుబట్టి కొనిపించింది. ముందు ధర్మవరం చెరువులో దించి చూడాలి. బాగుంటే బండికి కట్టుకుని సముద్రం దాకా పోయి, ఒడ్డు పట్టుకుని తిరగడమే.

చెరువు దగ్గరికి చేరేసరికి కట్ట మీద ఆ ముసలామె కూర్చుని ఉంది. బస్సెక్కి వీళ్లకంటే ముందే వచ్చేసింది.

“ఏమమ్మా, మా వెంటబడినావేమి?” సరస్వతమ్మ గొంతు పెంచింది.

“నీళ్లలో దిగేది చూసి పోతా తల్లీ. అంతే.”

అప్పటికే జనం పోగయ్యారు.

“ఏమప్పా తిమ్మరాజూ, ఇన్నాళ్లూ రైలు తోలి ఇప్పుడు పడవ తోలతావా?”

“ఇది తేల్తాదా, మునుగుతాదా?”

సరస్వతమ్మకు రోషం వచ్చింది.

“ఎందుకు మునుగుతాది? కట్టినోడు హిందూపురం ఫకీర్ సాబు! మనిషి పోయినాడు గానీ ఆ పనితనం చూడండి. యాడన్నా ఒక్క అతుకు కనపడతాదేమో ఎతకండి!”

ముసలామె ముఖంలో చిన్న నవ్వు కదిలింది. సరస్వతమ్మకు అదీ నచ్చలేదు.

బండిని వెనక్కి పోనిస్తుంటే ట్రాలీ చక్రం ఒకటి బురదలో దిగబడిపోయింది. ఎంత రేస్ చేసినా కదల్లేదు.

తిమ్మరాజు దిగి చెమట తుడుచుకున్నాడు. “రేపు ట్రాక్టరు తెచ్చుకుందాంలే సరస్వతీ.”

“రేపు లేదు ఎల్లుండి లేదు. ఈ పొద్దే దిగాల.”

నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు. ముసలామె మాత్రం చెప్పులు విడిచి, చీర ఎగ్గట్టి బురదలోకి దిగింది. రాళ్లు ఏరుకొచ్చి చక్రం కింద వేసింది.

“నువ్వు ఆ పక్క పట్టమ్మా,” అని ట్రాలీకి భుజం ఆనించింది.

సరస్వతమ్మ మోకాళ్లు మరిచిపోయి ఇంకో పక్క భుజం పెట్టింది. ఇద్దరు ఆడవాళ్లు అలా తోస్తుంటే చూస్తూ నిలబడలేక మగవాళ్లూ వచ్చి చేతులు వేశారు.

చక్రం కదిలింది. ట్రాలీ నీళ్లలోకి దిగింది. పడవ ఒక్కసారి ఊగి, తేలింది.

కట్ట మీద ఈలలు.

“లోపల చూడమ్మా! నీళ్లొస్తాండాయా?” అని కేకేసింది ముసలామె.

సరస్వతమ్మ పడవలోకి ఎక్కి, పలక ఎత్తి చేయి పెట్టి చూసింది.

“చుక్క లేదు!”

ముసలామె నడుము లోతు నీళ్లలో నిలబడి కళ్లు మూసుకుంది.

“పాపం, అంత కష్టపడినాది. ఆయమ్మనూ ఎక్కించుకుందామా?” అడిగాడు తిమ్మరాజు.

“తొలిసారి మనమిద్దరమే పోదాం. తర్వాత చూద్దాంలే.”

తెరచాప లేచింది. గాలికి పడవ చెరువు నడిమికి సాగింది. సరస్వతమ్మ చంటిపిల్లలా నవ్వింది.

ఒడ్డుకు తిరిగొచ్చేసరికి ముసలామె లేదు. హిందూపురం బస్సుకు టైమైందని పోయిందన్నారు.

ఫోన్ మోగింది. పడవ అమ్మిన ప్రసాద్.

“ఏమ్మా, తేలినాదా?”

“పూవు మాదిరి తేలినాదన్నా!”

“బషీరమ్మ చూసినాదా? పొద్దున మీరు బయల్దేరతానే బస్సెక్కినాది.”

“బషీరమ్మ ఎవరు?”

“ఫకీర్ సాబు పెళ్లాం. ఆ పడవ ఆయమ్మదే. ఒక హోటలాయన తన హోటలు ముందర షోకు పెట్టుకుంటానని వస్తే ఇయ్యలేదమ్మా. నీళ్లలో దించేవాళ్లకే ఇస్తాననింది.”

సరస్వతమ్మ కట్ట పొడుగునా చూసింది. బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

“మరి ఒక్క మాటన్నా చెప్పలేదే అన్నా!”

“చెప్పదమ్మా. ఆడమనిషి కట్టిందంటే ఎవరూ నమ్మి ఎక్కరని, నాతో కూడా మొగుని పేరే చెప్పించినాది. ఫకీర్ సాబు పోయేనాటికి షెడ్డులో ఉన్నది అడుగు పలకలే, ఆ పైన పడవంతా కట్టింది బషీరమ్మే.”