ఏం కాలేదు

“నొప్పిగా ఉందా బంగారం?” పాప పొట్ట మీద చెయ్యి ఆనించి అడిగింది డాక్టరమ్మ.

“ఏం లేదు.”

“చూశారా! ఎదుటి జట్టు పిల్ల మోకాలు కడుపులో దిగబడినా నా కూతురు కంటతడి పెట్టలేదు,” అన్నాడు తండ్రి. అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టుకి కోచ్ అతనే. మెడలో ఇంకా విజిల్ వేలాడుతోంది. “లోపల ప్లీహం చీలిందన్నారు. మరి ఆపరేషన్ చెయ్యకుండా పొద్దుట్నుంచీ ఈ చూడ్డమేంటండీ?”

“పిల్లల్లో చాలావరకు కొయ్యకుండానే మానుతుందండీ. రక్తం ఆగకపోతే మాత్రం కొయ్యాల్సిందే. అందుకే ఈ కాపలా.” ఆమె చెయ్యి ఆగిపోయింది. మానిటర్ వైపు చూసింది. “పొట్ట గట్టిపడింది. పల్స్ పరిగెడుతోంది. తనేమో ఏం లేదంటోంది.”

పాప పిడికిట్లో దుప్పటి నలుగుతోంది.

“మీ జట్టులో దెబ్బ తగిలితే ఏమనాలి కోచ్ గారూ?”

“ఏం కాలేదనాలి. అలా అంటేనే ఆటలో...”

అతని చూపు పాప పిడికిలి మీద పడింది. విజిల్ తీసి జేబులో కుక్కుకుని, మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“నొప్పుంటే చెప్పమ్మా.”

“చెప్తే జట్టులోంచి తీసేస్తావుగా?”

“తియ్యను తల్లీ. ఒట్టు.”

పాప పెదవులు వణికాయి. ఒక్కసారిగా ఘొల్లుమంది. “పొట్టంతా నొప్పి నాన్నా! ఇందాకట్నుంచీ!”

డాక్టరమ్మ అప్పటికే ఫోన్ అందుకుంది. “థియేటర్ సిద్ధం చెయ్యండి. రక్తం తెప్పించండి.”

అలవాటుగా ‘ఏడవకూడదు’ అనబోయి నాలిక కరుచుకున్నాడు కోచ్.

“ఏడువు తల్లీ,” అన్నాడు. “గట్టిగా ఏడువు.”