వెనక చక్రం దగ్గర మనిషి

"వీడే! మా చెల్లి బండి టైరులో గాలి తీసింది వీడే!"

అన్న ఆ గడ్డపాయన కాలరు పట్టుకుని ఆసుపత్రి గోడకేసి నొక్కాడు.

ఎదురుగా తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. లోపల చెల్లెలు. బతుకుతుందో లేదో ఎవరూ చెప్పడం లేదు.

"కాలరు వదలండి," అన్నాడు పోలీసు అధికారి.

"వదిలితే పారిపోతాడు!"

"పారిపోయేవాడు అంబులెన్సు ఎక్కి మీ చెల్లెలితో ఇక్కడిదాకా ఎందుకొస్తాడండీ?"

"చచ్చిందో లేదో చూసుకోడానికి!"

గడ్డపాయనకి ఊపిరి సరిగ్గా అందడం లేదు. అయినా అడిగాడు.

"ఆ అమ్మాయికి ఎలా ఉంది బాబూ?"

"నోరెత్తావంటే పళ్ళు రాలగొడతా!"

చెల్లెలు భూముల సర్వేయరు. ఆమె ఉద్యోగం సగం హైవే మీద, సగం బురదలో, గులకరాళ్ళలో. రెండింటికీ పనికొచ్చే ఒకే బండి కావాలి. బండ్ల వీడియోలన్నీ బట్టీపట్టిన అన్నని ఇంట్లో అంతా 'బండ్ల ప్రొఫెసర్' అని ఏడిపిస్తారు. బండి వెతికే పని అతనే నెత్తికెత్తుకున్నాడు. ఒక ఎత్తయిన సెకండ్ హ్యాండ్ బండి మీద మనసు పారేసుకున్నాడు. కొనేముందు ఒక పూట నడిపి చూసుకోమని ఓనరు తాళాలిచ్చాడు.

పొద్దున్నంతా బురదలో తిప్పారు. మట్టిదారి హైవేలో కలిసేచోట, టీకొట్టు ముందు గొడవ మొదలైంది.

"నా కాళ్ళు నేలకి ఆనడం లేదన్నయ్యా. ఆ చిన్న బండే తీసుకుందాం."

"చిన్న బండా! హైవే మీద పక్కనుంచి బస్సు పోతే గాలిపటంలా ఊగుతావు."

"ఇది బురదలో పడితే లేపుకోవాల్సింది నేను. నువ్వొచ్చి లేపుతావా?"

"నీకేం తెలుసని వాగుతున్నావు? ముందు హైవే మీద నడుపు, తర్వాత మాట్లాడు!"

సరిగ్గా అప్పుడే కనిపించాడు గడ్డపాయన. బండి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, గాలికొట్టేచోట ఉండే మూత తిప్పుతున్నాడు. పక్కన ఒక గుడ్డ సంచి.

చెల్లెలి మీది కోపమంతా ఆ మనిషి మీద కక్కేశాడు అన్న. లాగి ఒక్క తోపు తోశాడు. సంచిని కాలితో తన్నాడు.

"బండి ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా!"

"అది కాదు బాబూ, టైరులో..."

"పో అవతలికి!"

చెల్లెలు విసురుగా బండెక్కి హైవే మీదికి దూసుకెళ్ళిపోయింది. మరుక్షణం గడ్డపాయన తన డొక్కు బండి మీద ఆమె వెంటపడ్డాడు.

అన్న వెంట తెచ్చుకున్న తన కారులోంచి ఆమె హెల్మెట్‌లో ఉన్న ఫోనుకి చేశాడు.

"వాడు నీ వెనకాలే వస్తున్నాడు! ఆగకు! ఇంకా స్పీడు పెంచు!"

కారు తిప్పుకుని అతను బయటపడేసరికి ఇద్దరూ కనుమరుగయ్యారు. చేరేసరికి రోడ్డు మీద జనం, వెనక టైరు మెత్తబడి పక్కకి పడి ఉన్న బండి, చెల్లెలి వెనకాలే అంబులెన్సు ఎక్కుతున్న గడ్డపాయన.

ఎర్రలైటు ఆరింది. నర్సు తల బయటపెట్టింది.

"ప్రాణానికి భయం లేదు. కాలు విరిగింది. ఒక్క నిమిషం మాట్లాడండి, అంతే."

అన్న ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళాడు.

"తల్లీ, వాణ్ణి పట్టించాను. జైల్లో కూర్చోబెట్టందే నిద్రపోను."

"ఎవర్ని?"

"టైరులో గాలి తీసినవాణ్ణి!"

అంత నొప్పిలోనూ చెల్లెలు కళ్ళెర్రజేసింది.

"గాలి తీసింది నువ్వు కదా!"

"నేనా?"

"బురదలో పట్టు దొరకాలని రెండు టైర్లలో సగం గాలి వదిలావు. హైవే ఎక్కేముందు మళ్ళీ కొట్టాలి, లేకపోతే స్పీడులో బండి మన మాట వినదని పాఠం కూడా చెప్పావు. తర్వాత పోట్లాటలో పడి నువ్వూ మర్చిపోయావు, నేనూ మర్చిపోయాను."

"మరి వాడు చక్రం దగ్గర ఏం చేస్తున్నాడు?"

"ఆ సంచిలో నువ్వు తన్నింది గాలి పంపుని అన్నయ్యా, అంబులెన్సులో ఆయనే చెప్పాడు. ఆయన ఆగమని వెనకాలే చెయ్యి ఊపుతూ వచ్చాడు. నువ్వేమో ఆగొద్దని చెవిలో అరిచావు."

అన్న బయటికి పరుగెత్తాడు.

గోడ దగ్గర ఎవరూ లేరు. స్ట్రెచర్ మీద గడ్డపాయనని అదే తలుపులోంచి లోపలికి తోస్తున్నారు. కళ్ళు మూతలు పడి ఉన్నాయి.

డాక్టరమ్మ మండిపడుతోంది.

"పక్కటెముకలు విరిగి లోపల రక్తం కారుతుంటే, ఈయన్ని ఇంతసేపు నిలబెట్టి అరిచిన పెద్దమనిషి ఎవరండీ?"

తలుపు మూసుకుంది. ఎర్రలైటు మళ్ళీ వెలిగింది.

పోలీసు అధికారి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇప్పుడు అతని గొంతులో మర్యాద లేదు.

"అక్కణ్ణుంచి పారిపోయిన లారీ డ్రైవరు దొరికాడు. మీ చెల్లెలు రోడ్డు మధ్య పడి ఉంటే, ఆ పెద్దాయన తన బండి అడ్డంగా పడేసి లారీకి ఎదురెళ్ళాడట. లారీ ఆయన్ని గుద్దింది. అందుకే ఆమె దాకా రాకుండా ఆగింది."

అన్న ఎర్రలైటు వంకే చూస్తున్నాడు.

"చెప్పవయ్యా! ఇందాక చొక్కా పట్టుకుని అరిచావే, ఇప్పుడు చెప్పు. ఎవరిదీ తప్పు?"

"ఆయన గాలి కొట్టడానికి వచ్చాడు సార్," అన్నాడు అన్న, ఆ వరండా అంతా వినబడేలా. "తీసింది నేను."