పుర్రె సంచి

"ఆ కత్తి కింద పెట్టక్కా."

గుమ్మంలోంచి చెల్లెలి గొంతు వినబడగానే అక్క ఉలిక్కిపడింది. తోలు కోసే కత్తి ఆమె చేతిలోనే ఉంది. బల్ల మీద చెల్లెలు తోలుతో పుర్రె ఆకారంలో చేసిన సంచి పళ్ళికిలించి చూస్తోంది. రేపు ప్రదర్శనకు వెళ్ళేది అదే. ఇరవై ఏళ్ళుగా అక్క కుడుతున్న సంచులను ఎంపికకు వచ్చినవాళ్ళు కన్నెత్తి కూడా చూడలేదు.

"దారప్పోగు తెంపుదామని..." అంది అక్క.

"అబద్ధం. పొద్దున్నుంచీ దాని చుట్టే తిరుగుతున్నావ్."

అక్కకు ఒళ్ళు మండింది. "అవునే, కోసేద్దామనే! పని నేర్పింది నేను, పేరు నీకు. ఈ పుర్రెల్లో ఏముందని అందరూ ఎగబడుతున్నారు?"

చెల్లెలు వచ్చి స్టూలు మీద కూలబడింది. "అవి ఎందుకు మొదలుపెట్టానో తెలుసా? నీలా తిన్నగా కుట్టడం రాక. నేనేం కుట్టినా నాన్న దాన్ని నీ సంచి పక్కన పెట్టి చూసేవాడు. నిన్ను చూసి కుళ్ళి ఏడ్చేదాన్ని. పుర్రె పక్కనైతే పెట్టి చూడ్డానికి నీది ఉండదుగా."

తనను చూసి కూడా ఒకరు కుళ్ళుకుంటారని అక్క ఏనాడూ అనుకోలేదు. సిగ్గుపడాల్సింది పోయి, లోపలెక్కడో హాయిగా అనిపించింది.

కత్తి వదిలి సంచిని ఒళ్ళోకి తీసుకుంది. తోలు తడిపి ఉబ్బెత్తుగా మలిచిన చెంప ఎముకల మీద, లోతైన కంటి గుంటల్లో వేళ్ళతో తడిమింది. ఇన్నాళ్ళలో దాన్ని సరిగ్గా చూడటం ఇదే మొదలు.

"ఇలాంటిది చెయ్యడం నావల్ల కాదే," అంది చివరికి.

"మళ్ళీ అనక్కా," అంది చెల్లెలు.