ముక్కుపూస తీసిన పూట

ముక్కుకు ఏ వాసన తగిలితే నాలుకకు అదే రుచి. అందుకే అందరూ కోరిన వాసన ఇచ్చే ముక్కుపూస పెట్టుకుని, ఒకే పిండిజావ తాగే రోజులవి. కాకినాడలో హైమావతికి పొద్దుటి నుంచి మనసు కుదురుగా లేదు. పూస పెట్టే వయసు రాని చంటివాడు జావ నోట పెడితే చాలు, ఉమ్మేస్తున్నాడు.

"గుత్తొంకాయలా ఎంత కమ్మగా ఉందో! వీడికేమొచ్చిందే?" అన్నాడు భర్త సూరిబాబు, తాగుతూనే.

ఆమె తన పూస పీకేసి గిన్నె వాసన చూసింది. కుళ్ళుకంపు గుప్పుమంది.

"ఆపండి! పాడైపోయిందండీ, కక్కెయ్యండి!"

ఆ జావ భవనమంతటికీ ఒకే గొట్టంలో వస్తుంది. బిడ్డను చంకనేసుకుని పక్కింటి తలుపు బాదింది. రత్తమ్మ పిల్లలకు గిన్నెలు అందిస్తోంది.

"పిన్నిగారూ, ముందా పూస తియ్యండి!"

రత్తమ్మ తీసింది. మరుక్షణం పిల్లల చేతుల్లోంచి గిన్నెలు లాగేసింది. అన్ని ఇళ్ళకూ చెప్పడానికి ఒకరు పైమెట్లు, ఒకరు కిందిమెట్లు పట్టారు.

ఆ పూట భవనమంతా పస్తులుంది. అందరూ బతికారు.