జానెడు మెరక

మూడోసారి కూడా మ్యాప్ తిరిగొచ్చింది.

మీరు గీసింది నేల కాదు, గచ్చు అని ఫిన్లాండ్ నుంచి ఆట కంపెనీ బాబ్ ఇంగ్లీషులో రాశాడు. నా సైనికుడు ఇందులో ఎక్కడ దిగబడాలి, ఎక్కడ తేలాలి అని అడిగాడు. శారోన్ కంప్యూటర్ ముందు కూలబడింది.

అది కంప్యూటర్లో ఆడే యుద్ధం ఆట. ఉత్తర దేశపు చిత్తడి నేలలు, గుట్టన్నది లేని పైన్ అడవి. ప్రతి పది మీటర్ల ఎత్తుకి ఒక గీత గీయడం ఆ పనిలో పద్ధతి. గుట్టే లేనిచోట గీత ఎక్కడిది? మ్యాపంతా ఒకటే పచ్చరంగు. శుక్రవారంలోగా కుదరకపోతే కాంట్రాక్టు పోతుంది. అమలాపురంలో నలుగురు పనిచేసే ఆ ఆఫీసుకి తాళం పడుతుంది.

"ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడనోళ్లం, మనకెందుకండీ శారోన్ గారూ ఇది?" అన్నాడు యజమాని మురళీమోహన్.

ఆమె కాట్రేనికోన బస్సెక్కింది. అక్కడ పీతలు పట్టే సాలమోను బాబాయికి ఫోన్లో మ్యాప్ చూపించింది. ఆయన పగలబడి నవ్వాడు.

"ఇందులో పల్లం ఏదమ్మా, మెరక ఏది? బురదలో జానెడు మెరక దొరికితే మనిషి బతికినట్టే."

రెండు రోజులు మోకాలి లోతు బురదలో బాబాయి వెనకే తిరిగింది. గడ్డి రంగు ఎక్కడ మారితే కాలు దిగుతుందో, నీరు ఏ వంపున పోతుందో రాసుకుంది. పాత పద్ధతి చెరిపేసి, ఆ కాట్రేనికోన నేలనే జానెడు ఎత్తుకో గీతగా గీసింది. మడచెట్లు తీసేసి పైన్ చెట్లు పెట్టింది. దేవుడి మీద భారం వేసి పంపేసింది.

శుక్రవారం బాబ్ ఫోన్ చేశాడు. అతని గొంతు వినడం అదే మొదలు. మ్యాప్ ఖాయమైందని స్పీకర్లో ఇంగ్లీషులో గడగడా చెప్పాడు. అక్కడి ఆటగాళ్లు పాతికమంది ఆ అడవిలో దిగబడి, ఆ గీతల్నే నమ్ముకుని బయటపడ్డారట. ఆటకి కావాల్సిన మిగిలిన పది మ్యాపులూ వీళ్లకేనట. మురళీమోహన్ లేచి శారోన్‌కి రెండు చేతులా దణ్ణం పెట్టాడు.

అప్పుడు బాబ్ గొంతు తగ్గించాడు. ఈ నేల తను నడిచిందేనన్నాడు. మ్యాపులో ఉన్న కాలవ మలుపులో చిన్నప్పుడు తన చెప్పు కూరుకుపోయిందన్నాడు.

పాపం, ఫిన్లాండ్‌లో తన ఊరే అనుకుంటున్నాడు అనుకుంది శారోన్. గెలిచిన పని చేజారినా సరే, అబద్ధం మొయ్యలేననిపించింది. కంగారులో తెలుగే వచ్చేసింది.

"అది మీ దేశం కాదండీ. మా కాట్రేనికోన."

అవతల బాబ్ నవ్వాడు.

"ఆయ్, మాది మామిడికుదురండి."